గ్రాఫిక్స్ పుట్టినూరు

అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రంలో క్యారీ అని ఓ ఊరుంది. అక్కడ కొత్తగా దిగిన తెలుగువాడికి మొదట్లో ఊపిరాడదు. గాలి బాగానే ఉంటుంది, ఊపిరాడనిది కళ్లకి. కూడలిలో దండం పెడుతున్న నాయకుడు ఉండడు. ఆయన వెనకాల కత్తి పట్టుకున్న హీరో ఉండడు. కింద తపాలా బిళ్లంత మొహాలతో పాతికమంది అనుచరులు ఉండరు. దుకాణాల బోర్డులు కూడా తగ్గు ఎత్తులో, తగ్గు రంగుల్లో, అప్పిచ్చినవాడి ఎదుట పడ్డ మనిషిలా ఒదిగి ఉంటాయి. ఎత్తెంత, వెడల్పెంత అన్నీ ఊరి నిబంధనల్లో రాసిపెట్టారు.

విజయవాడ నుంచి వచ్చిన మా తోడల్లుడు కారులో ఊరంతా తిరిగి, "ఇంతకీ ఇక్కడ ఎమ్మెల్యే ఎవరన్నయ్యా? మొహమే కనపడదేం?" అని బెంగపెట్టుకున్నాడు.

ఓదార్పుగా ఓ కోర్టు కథ చెప్పాను. ఇంటి ముందు రోడ్డు వెడల్పు చేసినందుకు ఒళ్లు మండి, 2009లో ఇక్కడి పెద్దమనిషి ఒకాయన ఈ ఊరు తనని నిలువునా ముంచిందని సొంత ఇంటి గోడ మీద మెరిసే రంగుతో పెద్ద పెద్ద అక్షరాలు రాయించాడు. తిట్టినందుకు ఊరు నొచ్చుకోలేదు, అక్షరాలు కొలత మించినందుకు నొచ్చుకుంది. తియ్యకపోతే జరిమానా అంది. కింది కోర్టులో పెద్దమనిషి గెలిచాడు, 2013లో పై కోర్టులో ఊరు గెలిచింది. మనిషికి మాట్లాడే హక్కుంది గానీ, అది ఎన్ని చదరపు అడుగులుండాలో ఊరు చెప్పొచ్చని తేలింది.

"మన దగ్గరైతే ఆ గోడకి ఈపాటికి రెండు పార్టీలూ సున్నం కొట్టి, రిజర్వ్‌డ్ అని రాసుకునేవి" అన్నాడు తోడల్లుడు గర్వంగా. నిజమే. మనమూ ప్రయత్నం చెయ్యకపోలేదు. 2022 ఆగస్టులో విశాఖపట్నంలో అప్పటి ముఖ్యమంత్రి ప్లాస్టిక్ ఫ్లెక్సీలపై నిషేధం ప్రకటించారు. ఫ్లెక్సీల్లో నాయకులు ఇప్పటికీ దండం పెడుతూనే ఉన్నారు. బహుశా ఆ నిషేధానికే.

ఊరి పేరు మాత్రం ఆనాటి ఓ సెలబ్రిటీదే. ఫ్రాంక్ పేజ్ అనే కలప వ్యాపారి ఇక్కడ ఊరు నిలబెట్టి, మద్యం మానమని ఊరూరా ఉపన్యాసాలిచ్చే ఒహాయో నాయకుడు శామ్యూల్ ఫెంటన్ క్యారీ పేరు పెట్టాడు. 1871లో అది అధికారికంగా పట్టణమైంది. ఒకసారి పెట్టిన పేరు నూటయాభై ఏళ్లు దాటినా అలాగే ఉంది. మనం 2022లో విజయవాడ హెల్త్ యూనివర్సిటీకి ఎన్టీఆర్ పేరు తీసి వైఎస్సార్ పేరు పెట్టాం. 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ ఎన్టీఆర్ పేరు తెచ్చాం. క్యారీలో బోర్డులు రాసేవాళ్లు ఏం తిని బతుకుతున్నారో పాపం.

అయితే ఈ ఊరికి మనం రుణపడ్డది వేరే లెక్కలో. అమరావతి మీద ఇన్నేళ్లుగా సాగుతున్న తిట్ల పురాణంలో ముఖ్యమైన మాట 'గ్రాఫిక్స్'. ఆ గ్రాఫిక్స్‌కి పుట్టిల్లు అనదగ్గ ఊళ్లలో క్యారీ ఒకటి. ఎపిక్ గేమ్స్ సంస్థ ఇక్కడిదే. ఆటలకీ, సినిమాలకీ, ఇంకా పునాది పడని భవనంలో జనాన్ని అంతస్తు అంతస్తూ తిప్పి చూపించే ఆర్కిటెక్టులకీ అక్కరకొచ్చే అన్‌రియల్ ఇంజిన్ వాళ్లదే.

మన సంగతి తెలిసిందే. 2015 అక్టోబరులో ప్రధాని వచ్చి శంకుస్థాపన చేశారు. లండన్ నుంచి నార్మన్ ఫోస్టర్ సంస్థ బొమ్మలు గీసింది. అవి చాలక 2017లో దర్శకుడు రాజమౌళిని పిలిచారు. అసెంబ్లీ మధ్య హాల్లో తెలుగుతల్లి విగ్రహం మీద సూర్యకిరణాలు పడాలని ఆయన చక్కటి ఆలోచన చెప్పారు. సూర్యుడు తన వంతు పని రోజూ చేస్తూనే వచ్చాడు, హాలే రాలేదు. 2025 మేలో పనులు మళ్లీ మొదలెట్టడానికి అదే ప్రధాని మళ్లీ వచ్చారు. రెండో భాగం కూడా తీయించడంతో దర్శకుడి సలహా పూర్తిగా వృథా కాలేదనుకోవాలి.

క్యారీ వాళ్లు నవ్వడానికేం లేదు. 2021 జనవరిలో ఎపిక్ గేమ్స్ పాతబడ్డ క్యారీ టౌన్ సెంటర్ మాల్‌నీ, దాని 87 ఎకరాలనీ కొంటున్నామని చెప్పింది. 2024 కల్లా అక్కడ ప్రపంచ స్థాయి ప్రధాన కార్యాలయం అంది. 2023 సెప్టెంబరులో సుమారు 830 మంది ఉద్యోగుల్ని తీసేసింది. 2024 వచ్చింది, వెళ్లింది, కార్యాలయం రాలేదు. వాళ్ల ఫోర్ట్‌నైట్ ఆటలో పన్నెండేళ్ల పిల్లాడు క్షణంలో గోడ లేపేస్తాడు. ఆట చేసినవాళ్లే సొంతూళ్లో గోడ లేపలేకపోతే, అమరావతి కట్టే బాధ్యత మోస్తున్న సీఆర్‌డీఏని పాపం అనడం అన్యాయం.

పైగా డబ్బు గోడల్లో లేదు, వేషంలో ఉంది. ఫోర్ట్‌నైట్ ఆడుకోవడం ఉచితం. అందులో బొమ్మకి తొడిగే చొక్కా మాత్రం వీ-బక్స్ అనే ఆట డబ్బు పెట్టి కొనుక్కోవాలి. అనుకోకుండా ఒక మీట నొక్కినా కొనేసేలా తెర అమర్చారనీ, పిల్లల వివరాలు పెద్దల్ని అడక్కుండా సేకరించారనీ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ పట్టుకుంటే, 2022 డిసెంబరులో మొత్తం 52 కోట్ల డాలర్లు కట్టడానికి సంస్థ ఒప్పుకుంది. అంతకుముందు 2020 ఏప్రిల్‌లో ట్రావిస్ స్కాట్ అనే ర్యాప్ గాయకుడి బొమ్మ ఆ ఆటలోనే కచేరీ చేస్తే, ఒక్కసారే కోటీ 23 లక్షల మంది చూశారు. మన నిర్మాతలు ఇంకా హీరోని విమానం ఎక్కించి డల్లాస్ దాకా మోసుకొస్తున్నారు, 2024 డిసెంబరులో 'గేమ్ ఛేంజర్' ప్రీ రిలీజ్ వేడుకకి తెచ్చినట్టు. పేరులోనే గేమ్ పెట్టుకుని కూడా ఎవరికీ తట్టలేదు.

ఇన్ని బొమ్మల మధ్య క్యారీలో నిజంగా లేచి నిలబడ్డది శ్రీవేంకటేశ్వర ఆలయ రాజగోపురం. 2009లో తెరిచిన గుడికి 87 అడుగుల గోపురం కట్టి, 2022 అక్టోబరు 24న, సరిగ్గా దీపావళి నాడు, గవర్నర్ రాయ్ కూపర్ చేత ప్రారంభింపజేశారు. మాల్ దగ్గర ఎకరాలూ 87, గుడి దగ్గర అడుగులూ 87. ఎనిమిదీ ఏడూ పదిహేను, ఒకటీ అయిదూ ఆరు, ఆరంటే శుక్రుడు అని యూట్యూబులో ఏ సంఖ్యాశాస్త్రజ్ఞుడూ ఇంకా ఉరమకపోవడం వింతే.

ఆ లోటు మా తోడల్లుడు తీర్చబోయాడు. గుడి ముందు దిగుతూనే గోపురానికి వీపు చూపించి ఫోను పైకెత్తాడు. వీడియోకి 'అమెరికాలో మరో తిరుపతి! లోపల ఎవరున్నారో చూస్తే షాకవుతారు' అని పేరు పెట్టాడు. లోపల వేంకటేశ్వరస్వామే ఉన్నాడు. వీడియో ఎక్కించడం పూర్తయ్యేసరికి దర్శనం వేళ దాటిపోయింది కాబట్టి, షాకయింది తోడల్లుడు ఒక్కడే.

గవర్నర్ గుడికి వచ్చాడని మనవాళ్లందరికీ తెలుసు, ఫొటోలున్నాయి. ఊరి మేయరు సంగతి అడిగితే మాత్రం బిర్యానీ గిన్నె వైపు చూస్తారు. గుడివాడలో ఏ మండలంలో ఎవరికెంత మెజారిటీయో అర్ధరాత్రి లేపి అడిగినా చెప్పేవాళ్లకి, హెరాల్డ్ వైన్‌బ్రెక్ట్ అనే ఆయన 2007లోనే క్యారీ మేయరుగా గెలిచాడని తెలియదు. తప్పు ఆయనదే. ఒక పాదయాత్ర లేదు, ఒక ఆడియో వేడుక లేదు, తొడగొట్టిన దాఖలా లేదు. అలాంటి మనిషిని ఎలా గుర్తుపెట్టుకోవడం?

అలాగని స్థానిక పాలన మీద మనకి శ్రద్ధ లేదనడం అపచారం. 2024లో క్యారీ ఉన్న వేక్ కౌంటీ ఇళ్ల విలువలు తిరిగి లెక్కగట్టింది. విలువలు సగటున సగానికి పైగా పెరిగాయి. ఆ రాత్రే వాట్సాప్‌లో బంధువులకి కబురు వెళ్లింది: తూర్పు ముఖం ఇల్లు, ఈశాన్యం పెరిగింది, ఇప్పుడు ధర చూడండి అని. మర్నాడు అదే చేత్తో కౌంటీకి అప్పీలు వెళ్లింది: ఇల్లు అంత చెయ్యదు, డెక్కు ఊగుతోంది, వంటగది పాతకాలంది, వెనక రోడ్డు చప్పుడుకి నిద్ర పట్టట్లేదు అని. వియ్యంకులకి ఒక ధర, సర్కారుకి ఒక ధర, రెండింటికీ ఆధారాలతో సహా.

నాయకుడికి కావలసిన అర్హతలన్నీ మనవాళ్లలో నిండుగా ఉన్నాయి. తెలియనిదల్లా కౌన్సిల్ సమావేశం ఏ రోజో.