బానెట్ ఎత్తిన మాస్టారు

కైకలూరులో ఏ వాసన వచ్చినా నేరం చేపల మీదకే పోతుంది. చెరువుల మీది గాలి, మేత లారీల్లోని తవుడు, ఐసు ట్రేల నుంచి రోడ్డు పొడుగునా కారే నీళ్ళు... ముక్కుకి ఏం తగిలినా "ఏదో లోడు వెళ్తున్నట్టుంది" అనుకుని కిటికీ మూసేసుకుంటాం. అందుకే మా కారులో మాడు వాసన వస్తున్నా చాలాకాలం నేను పట్టించుకోలేదు. చుట్టాలని ఆటపాకకి గూడబాతులు చూపించడానికి తీసుకెళ్ళినప్పుడు కూడా "అన్ని పక్షులున్న చోట ఆ మాత్రం ఉంటుంది" అని సర్దిచెప్పాను. వాళ్ళు నమ్మారు. మా ఆవిడ మాత్రం ఇంటికొచ్చి కారు దిగుతూ, "పక్షులు మనతో పాటే వచ్చేశాయాండీ?" అంది.

బానెట్ ఎత్తి చూద్దును కదా, ఇంజను నెత్తిమీద ఉండే టాపెట్ కవర్ అంచు వెంబడి ఆయిలు చెమటలా పట్టి ఉంది. అది చుక్క చుక్కగా కింద కాలుతున్న మానిఫోల్డ్ మీద పడి పొగవుతోంది. కారు పేరు చెప్పను. పాపం, దాని తప్పేమీ లేదు. ఏళ్ళ తరబడి వేడిలో ఉడికితే ఏ రబ్బరైనా గట్టిపడుతుంది.

మనకి నున్నగా కనిపించే లోహపు అంచులు నిజానికి అంత నున్నగా ఉండవు. సూక్ష్మంగా చూస్తే అంతా గుట్టలూ గుంటలే. రెండు అంచుల మధ్య మెత్తటిది ఒకటి పెట్టి నొక్కితే ఆ సందులు పూడుకుంటాయి. ఆ మెత్తటిదే ప్యాకింగ్, అంటే గాస్కెట్టు. అది చేసే పని అంతే. ఇందులో హెడ్ ప్యాకింగ్ అనేది పెద్దల వ్యవహారం. మండే గ్యాసునీ, నీళ్ళనీ, ఆయిల్నీ దేని దారిన దాన్ని ఉంచాల్సిన బాధ్యత దానిది. అది పోతే ఇంజను సగం విప్పాలి. టాపెట్ కవర్ ప్యాకింగ్ అయితే లోపల చిందే ఆయిల్ని బయటికి రానివ్వకపోతే చాలు. నా శౌర్యానికి తగ్గ శత్రువు దొరికింది.

మెకానిక్ దగ్గరికి వెళ్ళకపోలేదు. ఆయన ఒక్కసారి తొంగి చూసి, "వదిలేసి టీ తాగి రండి మాస్టారూ, ఈలోగా అయిపోద్ది" అన్నాడు. ఆ మాటకే నా మనసు విరిగింది. నేను టీ తాగేలోపు అయిపోయే పని గురించి తర్వాత నలుగురికీ ఏం చెప్పుకోను? డబ్బు మిగులుతుందని ఇంట్లో చెప్పాను గానీ అది వట్టి మాట. బడిలో పీడనం పాఠం చెప్పీ చెప్పీ అరిగిపోయిన మనిషిని. చేతులకి గ్రీజు పూసుకుని ఒక్కసారైనా వీధిలో నిలబడాలనే యావ నాది.

కొల్లేరు దాటి ఏలూరు వెళ్ళి ప్యాకింగ్ తెచ్చాను. "బజారుకెళ్తే కుక్కర్ గాస్కెట్టు ఒకటి తెండి" అని మా ఆవిడ దసరా నుంచీ చెబుతూనే ఉంది. అది మా వీధి చివర కొట్లోనే దొరుకుతుంది. అంత దగ్గర్లో దొరికే వస్తువు గుర్తుండదెందుకో.

ఆదివారం పొద్దున్నే షెడ్డులోంచి కారు బయటికి తీసి వేపచెట్టు కింద పెట్టాను. వెలుతురు కోసమని ఇంట్లో చెప్పాను. అనుకున్నట్టే ఎదురింటి చెరువుల ఆయన వచ్చాడు, వెనకే చేపల లారీ డ్రైవరు, ఆ వెనక నా దగ్గర చదువుకుని నన్ను పూర్తిగా అర్థం చేసుకున్న కుర్రాళ్ళిద్దరు. మా ఊళ్ళో చెరువు చేసిన ప్రతివాడూ ఎప్పుడో ఒకప్పుడు డీజిలింజను విప్పినవాడే. అంటే నా ప్రేక్షకుల్లో మెకానిక్కు కానివాణ్ణి నేనొక్కణ్ణే.

బోల్టులు ఊడాయి, కవరు ఊడలేదు. అప్పడాల కర్ర తెప్పించి అంచున నెమ్మదిగా తడితే కరుచుకున్నది కాస్తా వదిలింది. పైకెత్తేసరికి లోపల క్యామ్ షాఫ్టు, దాని పక్కన రాకర్లు, అన్నీ పాకం రంగు ఆయిల్లో నిగనిగలాడుతున్నాయి. పాత ప్యాకింగ్ అప్పడంలా పెళపెళమని విరిగింది. గోరంత ముక్క ఒకటి ఆయిలు కిందికి దిగే కన్నం అంచున ఆగింది. అందులో పడితే నా గతేమిటి? మా ఆవిడ కనుబొమల ప్లక్కర్ పట్టుకొచ్చి, ఊపిరి బిగబట్టి తీశాను. ఆ ప్లక్కర్ మళ్ళీ అద్దం దగ్గరికి చేరలేదు.

కవరు గాడిలో మడ్డిని పాత టూత్ బ్రష్షుతో గీకుతుంటే నాకు పాఠం పూనింది. 1986 జనవరి 28న అమెరికా అంతరిక్ష నౌక ఛాలెంజర్ గాల్లోనే ముక్కలై ఏడుగురు వ్యోమగాములు ప్రాణాలు కోల్పోయారు. దాన్ని పైకి తీసుకెళ్ళే బూస్టర్ రాకెట్టు అతుకులో ఉండే రబ్బరు చుట్టు ఆ ఉదయపు చలికి బిగుసుకుపోయి సందు మూయలేకపోయింది. విచారణలో ఫైన్‌మన్ అనే భౌతిక శాస్త్రవేత్త ఆ రబ్బరు ముక్కని బిగించి ఐసు నీళ్ళ గ్లాసులో ముంచాడు. బయటికి తీసి వదిలితే అది వెంటనే తన ఆకారానికి రాలేదు. అంత పెద్ద ప్రమాదానికి కారణం ఒక గ్లాసుడు నీళ్ళతో తేటతెల్లమైంది.

"మరి ఇక్కడ చలెక్కడిది మాస్టారూ?" అన్నాడు చెరువుల ఆయన. వేడికీ ముసలితనానికీ కూడా రబ్బరు సాగే గుణం పోతుందని చెప్పబోతుంటే వంటింటి కిటికీ తెరుచుకుంది.

"ఆ ఐసు సంగతి మాకూ తెలుసు లెండి. వదులైపోయిన గాస్కెట్టుని రోజూ ఫ్రీజర్లో పెట్టి, బిగిశాక వాడుతున్నాను. ఇంకెన్నాళ్ళు పెట్టమంటారు?"

వీధి మొత్తం నా వైపు చూసింది. నేను గాడి వైపు చూశాను.

కొత్త ప్యాకింగ్ గాడిలో కూర్చోబెట్టి, మూలల్లో సీలెంటు బొట్లు పెట్టి, ఒకదానికొకటి ఎదురుగా ఉన్న బోల్టులు కొంచెం కొంచెంగా బిగించాను. ఇక్కడే అసలు పరీక్ష. "ఇంకో పట్టు పట్టండి" అన్నాడు డ్రైవరు. "మరో చుట్టు" అన్నాడు చెరువుల ఆయన. మరీ బిగిస్తే రబ్బరు నలిగి పక్కకి జరుగుతుందని చదివాను. కానీ పానా చేతిలో ఉండగా, నలుగురూ చూస్తుండగా మగవాడి చెయ్యి ఆగుతుందా? "కుక్కర్ మూత మీదెక్కి కూర్చుంటే ఆవిరి ఆగుతుందాండీ?" అని కిటికీ మళ్ళీ పలికింది. చెయ్యి ఆగింది.

స్టార్ట్ చేశాం. పొగ లేదు, చుక్క లేదు. చూసేవాళ్ళ మొహాల్లో ఎంత నిరాశ! "నాలుగు రోజులు నిలబడితే అప్పుడు చూద్దాం" అని చెరువుల ఆయన లుంగీ ఎగ్గట్టి వెళ్ళిపోయాడు. పని అయిపోయినా సాయంత్రం దాకా బానెట్ దించలేదు. అడిగితే సీలెంటు ఆరాలన్నాను. అది ఆరే పద్ధతికీ బానెట్ తెరిచి ఉండడానికీ సంబంధమేమీ లేదు. దారిన పోయేవాళ్ళు ఆగుతున్నారు, అంతే.

మధ్యాహ్నం కుక్కర్ కూత రాలేదు. ఆవిరంతా పక్కనుంచి పోయి పప్పు పలుకు మిగిలింది. ఏళ్ళ తరబడి మా ఆవిడ వంటింట్లో గాస్కెట్లు మారుస్తూనే ఉంది. తలుపు తీసి ఎవర్నీ పిలిచి చూపించలేదు, ఫైన్‌మన్ పేరెత్తలేదు. ఈసారి మాత్రం వీధిలో ఆడవాళ్ళందరికీ ఓపిగ్గా చెప్పింది. ఏం చెప్పిందో మర్నాడు తెలిసింది. పక్కింటి పిన్నిగారు కుక్కర్ మూత చంకన పెట్టుకుని గుమ్మంలోకి వచ్చారు.

"గాస్కెట్లు నువ్వే వేస్తావటగా నాయనా!"

ఎగతాళి అని తెలుసు. అయినా మూత అందుకున్నాను. "మూడు లీటర్లదా పిన్నిగారూ, అయిదు లీటర్లదా?" అంటూ వచ్చి వీధరుగు మీద కూర్చున్నాను. లోపల కూర్చుని చేస్తే ఎవరు చూస్తారు?