సరిహద్దు గీసిన వారికి భద్రాద్రి నుండి ఒక మనవి

మహారాజశ్రీ కేంద్ర ప్రభుత్వము వారి దివ్యసముఖమునకు, గోదావరి యెడమ గట్టున, చేయి చాచినచో పొరుగు రాష్ట్రము తగులునంతటి ఇరుకున కాపురముండు ఒక భద్రాచలవాసి నమస్కారపూర్వకముగా చేసికొను మనవి.

మా మన్యమునకు రోడ్డు వేయుటకును వైద్యుని పంపుటకును తరములు పట్టియుండగా, 2014 మే 26న ప్రమాణస్వీకారము చేసిన తమ ప్రభుత్వము, కుర్చీలైనను సర్దుకొనకమునుపే మమ్ము తలచుకొని, 29వ తేదీకెల్ల ఆర్డినెన్సు వెలువరించి, జూన్ 2న పుట్టనున్న తెలంగాణము కన్ను తెరవకముందే ఏడు మండలముల ఊళ్ళను ఆంధ్రప్రదేశమునకు ఒప్పగించినదనిన, అంతటి శ్రద్ధకు మేమెట్లు పాత్రులమైతిమో నేటికిని బోధపడకున్నది. ఫిబ్రవరిలో పార్లమెంటు ఆమోదించిన పునర్విభజన చట్టము ప్రధానముగా పోలవరము ప్రాజెక్టు క్రింద మునుగు గ్రామములనే విడదీసియుండెను. ఆర్డినెన్సు అంతటితో తృప్తి చెందక, మునగని ఊళ్ళను సైతము చేర్చుకొని, భద్రాచలము మండలమున భద్రాచలము రెవిన్యూ గ్రామమును మాత్రము, బహుశః రాముని మొగము చూచి, విడిచిపెట్టినది. కొత్త సర్కారు తన భాగస్వామియైన తెలుగుదేశమునకు ఇచ్చిన తాంబూలమిదియని తెలంగాణమున అనుమానము పుట్టెను, బందు జరిగెను. జూలైలో ఉభయసభలు బిల్లును ఆమోదించినవి గాని అనుమానమును తీర్చలేదు.

రాముడిట నిలిచెను, పురుషోత్తపట్నమున ఆయనకు గల 880 పైచిలుకు ఎకరములు అటు పోయెను. కంచెర్ల గోపన్న తహశీల్దారుగా నుండి కట్టించిన గుడికి నేడు ఇద్దరు తహశీల్దారులు, ఇరువురును వేర్వేరు రాష్ట్రముల వారు! దుమ్ముగూడెము బస్సు ఊరు దాటగానే ఆంధ్రప్రదేశమున ప్రవేశించి, కొంత దూరము పోయి మరల తెలంగాణమున పడును. సంతనుండి మరలుచు, మిగిలిన చింతపండు మూటను కాళ్ళ నడుమ నిలుపుకొని కునుకు తీయు కోయ ముసలమ్మ, తాను రెండు మారులు ఎల్ల దాటితినని ఎరుగదు. భద్రాచలపు కచేరీకి నడచి రాదగిన ఎటపాక వాసికి మొదట కాకినాడ, 2022లో పాడేరు జిల్లా కేంద్రములాయెను.

భద్రాచలము 1959 వరకు తూర్పు గోదావరిలోనిదేయని ఆంధ్రులు చెప్పునది సత్యము, కాదనను. మరి కుడిగట్టున కుకునూరు, వేలేరుపాడు నిజాము ఏలుబడినాటి నుండియు ఇటువైపువే గదా! చరిత్రయే ప్రమాణమైనచో ఒక గట్టునకొక న్యాయము, రెండవ గట్టునకొక న్యాయము ఏల?

షెడ్యూలు ప్రాంతమున ఒక ఎకరము సేకరింపవలెనన్నను ముందుగా గ్రామసభను గాని పంచాయతీని గాని సంప్రదింపవలెనని 1996 నాటి పెసా చట్టము శాసించుచున్నది. ఎకరము తీసికొనుటకు అడుగవలెను గాని, ఎకరముతోపాటు మనిషిని, ఊరిని, రాష్ట్రమును మార్చుటకు అడుగనక్కరలేదన్నమాట! 2022 జూలైలో గోదావరి భద్రాచలము కడ 71 అడుగులు దాటినప్పుడు నీరు మాత్రము ఇరు రాష్ట్రములను సమముగనే ముంచినది.

కావున ఎటపాక, కన్నాయిగూడెము, పిచుకలపాడు, పురుషోత్తపట్నము, గుండాల అను ఐదు పంచాయతీలను మరల కోరుచున్న తెలంగాణమునకును, ఈయనొల్లని ఆంధ్రప్రదేశమునకును నడుమ తీర్పరులై కూర్చుండుటకు ముందు, ఆ ఐదింట గ్రామసభలు జరిపించి, కోయలు, కొండరెడ్లు మొదలుగాగల వారందరు ఏ రాష్ట్రమున ఉండగోరుదురో వారినే అడిగి, ఆ మాటను కాగితముపై వ్రాయించుకొన ప్రార్థన.