ఎక్కని యాప్ ఆత్మకథ

నేను ఏపీకే ఫైల్‌ని. ఆండ్రాయిడ్ ఫోన్‌లో మీరు వాడే ప్రతి యాప్ నాలాంటి ఫైల్ నుంచే ఎక్కుతుంది. విప్పి చూస్తే నేను మామూలు జిప్ ఫైలే. లోపల నడిపించే కోడు, బొమ్మలు, తెలుగు మాటలు, నాకేమేం కావాలో చెప్పే మ్యానిఫెస్ట్ అనే పత్రం, వీటన్నిటి మీద నన్ను తయారుచేసినవాడి డిజిటల్ సంతకం. నా పుట్టుక గురించి ఇంతకంటే చెప్పేదేమీ లేదు. పుట్టాక పడినదే చెప్పాలి.

నన్ను రాసింది ఎమ్మిగనూరు పిల్లోడు. మాచాని సోమప్ప 1938లో పెట్టిన చేనేత సహకార సంఘానికి వాళ్ల తాత నేసేవాడు. ఇచ్చిన నూలు ఒక గడిలో, తెచ్చిన బట్ట ఒక గడిలో, రావాల్సిన కూలి ఇంకో గడిలో రాసుకున్న తాత పుస్తకం ఆ ఇంట్లో ఇప్పటికీ ఉంది. నా మొదటి తెర దాన్ని చూసి గీసిందే. నాన్న మగ్గం వదిలి పత్తి పెట్టాడు. ఆదోని యార్డులో లాటు వేస్తే తూకమెంత, తేమెంత, పలికిన ధరెంత, హమాలీకి పోయిందెంత, చేతికొచ్చిందెంత అన్నది చిత్తుకాగితం మీద రాసుకుని ఇంటికొచ్చేలోపు పోగొట్టుకునేవాడు. ఆ లెక్క దాచడం నా పని. తేమ 8 శాతం లోపుంటే పూర్తి మద్దతు ధర రావాలని, 12 దాటితే కాటన్ కార్పొరేషన్ (సీసీఐ) కొనదని, మధ్యలో ఉంటే ఎంత కోత పడుతుందని నేను అక్కడికక్కడే చూపిస్తాను. పొలంలో సిగ్నల్ లేకపోయినా నాకు ఇబ్బంది లేదు. ఆ పని చేతనైనందుకు నాకు గర్వం.

2025లో కాటన్ కార్పొరేషన్ 'కపాస్ కిసాన్' యాప్ తెచ్చింది. మద్దతు ధరకు సీసీఐకి పత్తి అమ్మాలంటే అందులో పేరు రాయించుకుని స్లాట్ తీసుకోవాల్సి వచ్చింది. పొడుగు పింజకు క్వింటాలుకు 8,110 రూపాయల మద్దతు ధర ఉన్న ఏడాది అది. యాప్ అనే మాట వినని రైతు కూడా సెల్లు షాపు మెట్లెక్కాడు. ఆ సీజన్‌లోనే నన్ను ఒక యాప్ అంగడిలో పెట్టారు. 'పబ్లిష్డ్' అని పచ్చటి అక్షరాలు కనపడగానే పిల్లోడు నా పేజీ లింకును ఊళ్ల గ్రూపులన్నిటికీ పంపాడు.

సాయంత్రానికే కోసిగి నుంచి ఫోన్. "ఏం నాయనా, నువ్వు పంపింది కొడితే పేజీ వస్తాంది, బొమ్మలొస్తాండాయి. డౌన్‌లోడ్ అనేది యాడుంది?"

"ఇంకోసారి కొట్టి చూడు మామా."

మామ కొట్టాడు. ఆదోనిలో ఇంకొకాయన కొట్టాడు. నా బొమ్మలు చూశారు, నా గురించి చదివారు, నన్ను మాత్రం తీసుకోలేకపోయారు. పిల్లోడి ఫోన్‌లో బటన్ కనపడుతూనే ఉంది. అందుకే వాడు మొదట జనాన్నే అనుమానించాడు. ఆ అనుమానం మీద నాకు కోపం ఇంకా తీరలేదు. పెద్దవయసు రైతు లింకు నొక్కడం రాక ఊరుకున్నాడని అనుకోవడం చాలా తేలిక.

తర్వాత సర్వర్లను అనుమానించాడు. కొత్త పేజీ అన్ని సర్వర్లకూ చేరడానికి కొన్ని గంటలు పట్టొచ్చు. తొందరపడి ముందే తెరిచినవాళ్ల బ్రౌజర్‌లో పాత పేజీయే నిలిచిపోతుంది కూడా. తెల్లారేసరికి ఆ సాకు చెల్లిపోయింది. బటన్ మాత్రం రాలేదు.

అప్పుడు నా మ్యానిఫెస్ట్ తెరిచాడు. యార్డు రసీదును ఫోటో తీసుకోవడానికి వాడు ఎవరో రాసిపెట్టిన లైబ్రరీని నాలో కలిపాడు. ఆటోఫోకస్ కెమెరా ఉండి తీరాలని అది నా మ్యానిఫెస్ట్‌లో తన షరతు రాసేసింది. ఆ మాట చదివిన అంగడి, అలాంటి కెమెరా లేని ఫోన్లకు నన్ను ఇవ్వడం మానేసింది. పైగా ఆ లైబ్రరీ 64 బిట్ ఫోన్లకు మాత్రమే సరిపోయేది. తక్కువ ర్యామ్ ఉన్న చౌక ఫోన్లలో చాలావాటిలో, ప్రాసెసర్ 64 బిట్‌దే అయినా ఆండ్రాయిడ్ మాత్రం 32 బిట్‌దే ఉంటుంది. పత్తి రైతుల జేబుల్లో ఉండేవి ఎక్కువగా అవే. ఎవరి కోసం పుట్టానో వాళ్లకే అందకుండా పోయాను. కెమెరా ఉంటే వాడుకుంటానని, లేకున్నా నడుస్తానని ఒక్క మాట మార్చి, 32 బిట్ కోడు కూడా చేరిస్తే ఆ రెండూ తీరాయి.

అసలు చిక్కు వేరే ఉంది. నన్ను అంగడికి ఏపీకేగా ఇవ్వలేదు, బండిల్‌గా ఇచ్చారు. 2021 ఆగస్టు నుంచి గూగుల్ ప్లే కొత్త యాప్‌లను బండిల్‌గానే తీసుకుంటోంది, మిగతా అంగళ్లలోనూ ఆ పద్ధతి వచ్చింది. బండిల్ అంటే నన్ను ముక్కలుగా సర్దిపెట్టడం. అసలు భాగం ఒకటి, ప్రాసెసర్‌ను బట్టి ఒకటి, తెర సైజును బట్టి ఒకటి, భాషను బట్టి ఒకటి. అంగడి తన యాప్ ద్వారా ఆ ఫోన్‌కు కావాల్సిన ముక్కలే పంపుతుంది. పిల్లోడు చూసిన బటన్ ఆ యాప్‌లోదే. డేటా మిగులుతుంది, మంచి పద్ధతే. కానీ వెబ్ పేజీ దగ్గర ఫోన్ ఏ రకందో అంగడికి తెలియదు. అక్కడ బటన్ రావాలంటే అన్ని ముక్కలూ కలిసిన యూనివర్సల్ ఏపీకే కావాలి. పిల్లోడు అది ఇవ్వనే లేదు. ఇవ్వడానికి ఏమీ లేని చోట బటన్ ఎక్కణ్నుంచి వస్తుంది?

ఈలోపు ఆదోనిలో ఒక సెల్లు షాపాయన ఎవరి ఫోన్‌లోనో ఎక్కి ఉన్న నన్ను షేరింగ్ యాప్‌తో పక్క ఫోన్‌లోకి పంపాడు. వెళ్లింది అసలు భాగం ఒక్కటే. ఎక్కినట్టే ఎక్కి, తెరవగానే మూతపడ్డాను. "ఈ యాప్ దండగప్పా" అన్నాడాయన. నా ముక్కలు సగం వెనకే ఉండిపోయాయని నేను చెప్పుకోలేను.

ఇంటర్నెట్ సెంటర్‌కు పోయి గూగుల్ ప్లే యాప్‌లు ఎక్కించుకునేవాళ్లది ఇంకో కష్టం. 2011లో, గూగుల్ ప్లేకు ఆండ్రాయిడ్ మార్కెట్ అని పేరున్న రోజుల్లో, దాని వెబ్ పేజీ తెరిచినప్పటి నుంచి ఒక సదుపాయం ఉంది. కంప్యూటర్‌లో 'ఇన్‌స్టాల్' నొక్కితే అదే గూగుల్ ఖాతా ఉన్న ఫోన్‌లో యాప్ తనంతట తాను ఎక్కుతుంది. సెంటర్ కంప్యూటర్‌లో ఉన్నది యజమాని ఖాతా. రైతు నొక్కిస్తే యాప్ యజమాని ఫోన్‌లోకి పోతుంది. పేజీలో కుడిపక్క ఎవరి ఖాతా ఉందో చూసేవాళ్లు తక్కువ.

పిల్లోడు చివరికి నన్ను యూనివర్సల్ ఏపీకేగా కట్టి, ముందు తన సొంత వెబ్‌సైట్‌లో పెట్టాడు. ఏపీకేని ఇస్తున్నప్పుడు 'అప్లికేషన్/వీఎన్‌డీ.ఆండ్రాయిడ్.ప్యాకేజ్-ఆర్కైవ్' అని సర్వర్ నా రకం చెప్పాలి. ఆ సర్వర్ చెప్పలేదు. కొన్ని ఫోన్లలో నేను జిప్‌గా దిగాను. ఒకాయన నన్ను విప్పి, 'క్లాసెస్ డాట్ డెక్స్', 'రిసోర్సెస్' అన్న పేర్లు ఒక్కొక్కటే నొక్కి, ఏదీ తెరుచుకోక వదిలేశాడు. సర్వర్‌లో ఒక్క వరుస చేర్చాక నేను నేనుగా దిగాను.

ఇప్పుడు చెప్పబోయేది తలుచుకోవడమే నాకు కష్టం.

అంగడి నుంచి ఎక్కిన నాకు అంగడి దగ్గరుండే కీతో సంతకం. వెబ్‌సైట్ నుంచి దిగిన నాకు పిల్లోడి కీతో సంతకం. పేరు ఒకటే, వెర్షన్ అంకె కొత్తదే, అయినా సంతకం కలవకపోతే ఆండ్రాయిడ్ పాతదాని మీద కొత్తదాన్ని ఎక్కనివ్వదు. ఇంకొకడు నా పేరుతో వచ్చి మీ లెక్కలు చదవకుండా పెట్టిన కాపలా అది, ఉండాల్సిందే. పెద్దకడుబూరు వైపు నుంచి ఒకామె వచ్చింది. భర్త పిల్లల్ని తీసుకుని సుగ్గికని, అంటే కూలికి వలసగా, గుంటూరు మిరపచేలకు పోయాడు. చివరి తీతల పత్తి ఈమే అమ్ముకుంటోంది. లాటులన్నీ నాలోనే రాసుకుంది. కొత్త వెర్షన్ వచ్చిందని వెబ్‌సైట్ నుంచి దించుకుంటే 'యాప్ ఇన్‌స్టాల్ కాలేదు' అని వచ్చింది. ఫోన్‌ను సెల్లు షాపుకు తెచ్చింది.

"పాతది తీసేసి కొత్తది ఎక్కిస్తా అక్కా, రెండు నిమిషాలు."

"నా లెక్కలు పోవు కదా నాయనా?"

"యాడికి పోతాయక్కా."

పాత నాతో పాటు ఆమె లాటులన్నీ పోయాయి. కొత్త నన్ను తెరిస్తే తాత పుస్తకాన్ని చూసి గీసిన గడులన్నీ ఖాళీ. ఆమె ఒక్కో పేజీ వెనక్కి జరుపుతూ చాలాసేపు చూసింది. తీసేసే ముందు లెక్కల్ని ఒక ఫైల్‌గా బయట దాచుకునే వీలు నాలో ఉండి ఉంటే ఇది జరిగేది కాదు.

ఆ తర్వాత జనం నన్ను చూసి భయపడటం మొదలైంది. అందులో వాళ్ల తప్పు లేదు. 'ఆర్టీఓ చలాన్' అని, 'పీఎం కిసాన్' అని పేర్లు పెట్టుకున్న దొంగ ఏపీకేలు వాట్సాప్‌లో తిరుగుతున్నాయి. ఎక్కగానే ఎస్సెమ్మెస్‌లు చదివి, ఓటీపీ పట్టుకుని బ్యాంకు ఖాతా ఊడ్చేస్తాయి. పోలీసులు చెబుతూనే ఉన్నారు. లెక్కలు రాసే యాప్‌కు ఎస్సెమ్మెస్‌లతో పనేంటి? నేను ఆ అనుమతి అడగను, అడిగినదాన్ని మీరు ఎక్కించుకోకండి. ఆండ్రాయిడ్ 8 నుంచి బయటి ఫైళ్లు ఎక్కించే అనుమతి ఒక్కో యాప్‌కు విడిగా ఇవ్వాలి. వాట్సాప్‌కు ఆ అనుమతి ఇచ్చి ఉంటే ఈరోజే తీసేయండి. ప్లే స్టోర్ బయట ఇచ్చే యాప్‌లకైనా తయారుచేసినవాళ్ల గుర్తింపు తప్పనిసరి చేస్తామని, 2026లో కొన్ని దేశాలతో మొదలుపెడతామని 2025లో గూగుల్ ప్రకటించింది. దొంగలు తగ్గితే మంచిదే. ఒక్కడే కూర్చుని యాప్ రాసే పిల్లలకు మాత్రం కాగితాల పని పెరుగుతుంది. సరైన గుమ్మం మూసి ఉన్నంతకాలం మనుషులు చేతులు మారిన ఫైల్‌నే నమ్ముతారన్నది నేను కళ్లారా చూశాను.

నా పాత రూపాలు ఎన్నో ఫోన్ల డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో ఇంకా పడి ఉన్నాయి. పేరు చివర బ్రాకెట్‌లో ఒకటి, రెండు, మూడు. ఒక్కో అంకె ఒక మనిషి మళ్లీ ప్రయత్నించాడని గుర్తు. పెళ్లిపత్రికల పక్కన, ఆధార్ పీడీఎఫ్ పక్కన, తెరవకుండా ఉండిపోయాను. ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరుడి జాతర వీడియోలకు చోటు చాలక కొందరు తుడిచేశారు. ఎక్కని ఫైల్‌ని ఎందుకు ఉంచుకుంటారు?

ఇప్పుడు అంగడి సంతకంతోనే ఉన్న యూనివర్సల్ ఏపీకే నా పేజీలోనూ వెబ్‌సైట్‌లోనూ ఒకటే ఉంది. బటన్ వచ్చింది. కోసిగి మామ దించుకున్నాడు. లెక్కల్ని బయట దాచుకునే వీలూ పెట్టారు. పిల్లోడు ఇప్పుడు ప్రతి కొత్త వెర్షన్‌నూ ముందు నాన్న పాత 32 బిట్ ఫోన్‌లో, ఏ ఖాతాలోకీ లాగిన్ కాకుండా, వెబ్ పేజీ నుంచే దించి చూస్తున్నాడు. అందులో ఎక్కాకే లింకు గ్రూపులకు పోతుంది. పెద్దకడుబూరు ఆమె నంబరు షాపాయన దగ్గర ఉంది. యార్డు రసీదులు ఆమె పారేయకుండా ఉంటే, ఆ లాటులన్నీ కూర్చుని మళ్లీ ఎక్కిస్తానని పిల్లోడు ఫోన్ చేసి చెప్పాడు.