మోగితే పీకెయ్

“పీకెయ్ బావా, గోల వదిలిపోతుంది.”

ఏ యంత్రం గురించైనా మా బావమరిది చెప్పే మొదటి మాట ఇదే. రెండో మాట అవసరం ఇంతవరకూ రాలేదు. వాళ్లింట్లో పొగ అలారం కీచుమంటే బ్యాటరీ పీకేశాడు. ఫ్రిజ్ తలుపు సరిగ్గా పడలేదని కూస్తుంటే దాని గొంతూ నొక్కేశాడు; ఆ వారమంతా వాళ్లింట్లో పుల్లటి పెరుగే. ఉద్యోగం సాఫ్ట్‌వేర్‌లో. అర్ధరాత్రి సర్వర్లు అలర్టు కొడితే అక్కడేం చేస్తాడో నేను అడగలేదు. ఆ కంపెనీ షేర్లు నా దగ్గర లేవు.

ఈసారి రోగి నా కారు. 1974 మోడల్, ఇంగ్లండులో పుట్టి అమెరికాకి వలసొచ్చిన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. ఎడిసన్‌లో మా ఇంటి గరాజులో కవరు కప్పుకుని పడుకుంటుంది, ఎండ కాసిన ఆదివారం లేస్తుంది. మా ఆవిడ దాన్ని పేరు పెట్టి పిలవదు, ‘మీది’ అంటుంది. నాకంటే ముందు దానికి నలుగురు ఓనర్లు. నలుగురూ తలా ఒక వైరు తెంపి, తలా ఒక రంగు టేపు చుట్టి వెళ్లారు. డాష్‌బోర్డు కింద తలపెట్టి చూస్తే పెళ్లివారు ఖాళీ చేసి వెళ్లిన విడిదిల్లులా ఉంటుంది.

పోయిన వేసవిలో అది మోగడం మొదలెట్టింది. తాళంచెవి దూర్చగానే కాళ్ల దగ్గర్నుంచి ఒకటే రొద, కందిరీగని అగ్గిపెట్టెలో పెట్టి చెవి దగ్గర పట్టుకున్నట్టు. తలుపు మూసినా మోతే, ఇంజను నడుస్తున్నా మోతే.

వైద్యులకు కొదవా! మా వీధిలో పాతకార్ల పిచ్చి ఉన్న పెద్దాయన “ఆ కాలం ఇంగ్లిష్ వైరింగ్ అంతే, పట్టించుకోకు” అన్నాడు. ఆయిలు మార్చే కుర్రాడు బజర్ పోయిందనీ, కొత్తది దొరకదనీ చెప్పాడు. బావమరిది సంగతి ముందే మనవి చేశాను. ముగ్గురి మాటల సారాంశం ఒకటే: బజర్ పోయింది.

పోయినవాడు లేచి కూర్చుని అరుస్తాడా? ఆ కాలపు బజర్ అంటే చిన్న రేకు డబ్బా. లోపల రాగితీగ చుట్ట, దాని ముందు పల్చటి ఇనప రేకు, ఆ రేకుకి ఆనుకుని ఒక కాంటాక్టు. కరెంటు వస్తే చుట్ట అయస్కాంతమై రేకుని లాగుతుంది. లాగగానే కాంటాక్టు విడిపోయి కరెంటు ఆగుతుంది. ఆగగానే రేకు వెనక్కి వస్తుంది. మళ్లీ కరెంటు, మళ్లీ లాగుడు. మన ఊళ్లలో పాత కాలింగ్ బెల్లుదీ ఇదే బాపతు. దానికి చిప్పు లేదు, బుర్ర లేదు, సొంత అభిప్రాయాలు అసలే లేవు. కరెంటొస్తే మోగుతుంది, రాకపోతే మోగదు. పాడైతే మూగబోతుందేమో గానీ దానంతటది వాగదు. వాగుతోందంటే ఎవరో వాగిస్తున్నారు.

ఎవరన్నది కనిపెట్టడం పెద్ద పరిశోధనేం కాదు. తాళంచెవి కారులో వదిలేసి డ్రైవరు తలుపు తీస్తే కారు హెచ్చరించాలని 1970 జనవరి 1 నుంచి అమెరికాలో నియమం. కార్ల దొంగతనాలు తగ్గాలని పెట్టారు. కాబట్టి బజరుకి ఇద్దరే యజమానులు: తాళం బుర్రలో ఒక స్విచ్చు, తలుపు చట్రంలో ఇంకో స్విచ్చు. రెండూ ఒప్పుకుంటేనే అది నోరు విప్పుతుంది. రెండోది మన ఫ్రిజ్ తలుపు దగ్గరుండే బొడిపె లాంటిదే. తలుపు పడితే లోపలికి నొక్కుకుంటుంది, తెరిస్తే బయటికి పొడుచుకొచ్చి వైరుని కారు బాడీకి ఎర్త్ చేస్తుంది. తలుపు మూసున్నా మోగుతోందంటే ముందు ఆ బొడిపె చూడాలని ఎనిమిదో క్లాసు పిల్లాడికైనా తడుతుంది. నాకు తట్టలేదు. ఎదురుగా కటింగ్ ప్లయరు పట్టుకుని మనిషి నిలబడితే ఆలోచన అంత తేలిగ్గా రాదు.

అత్త మీద కోపం దుత్త మీద తీర్చుకున్నట్టు బజర్ పీకేశాం. నిశ్శబ్దం. బావమరిది ఫిల్టర్ కాఫీ తాగి, ప్లయరు తుడుచుకుని వెళ్లాడు.

ఈ వైద్యం ఒట్టి నాటు వైద్యమని కొట్టిపారెయ్యకండి. దీనికి అమెరికన్ కాంగ్రెస్ ఆమోదం ఉంది. నా కారు పుట్టిన 1974 మోడల్ సంవత్సరంలోనే అమెరికాలో ఒక విప్లవం వచ్చింది. ముందు సీట్లో కూర్చున్నవాళ్లు బెల్టు పెట్టుకుంటే తప్ప ఇంజను స్టార్టు కాని ఏర్పాటు. సీటు కింద బరువు పసిగట్టే స్విచ్చు, బకుల్లో ఒక స్విచ్చు. పక్కసీట్లో కూరగాయల సంచీ పెడితే దానికీ బెల్టు కట్టాలి. కుక్క కూర్చుంటే కుక్కకీ కట్టాలి. స్వేచ్ఛా ప్రియులు మండిపడ్డారు. 1974 అక్టోబరు 27న ప్రెసిడెంట్ ఫోర్డ్ సంతకంతో ఆ ఏర్పాటు పోయింది. దాంతోపాటు బెల్టు బజర్ 8 సెకన్లకు మించి మోగేలా ప్రభుత్వం నిబంధన పెట్టకూడదని చట్టంలోనే రాశారు. ఎనిమిది సెకన్లు! మా పెద్దమ్మ “బాగున్నావా నాయనా” అనడానికే అంతకంటే ఎక్కువ పడుతుంది. ఆ 8 సెకన్ల గీత చెరపడానికి 2012 దాకా ఆగాల్సి వచ్చింది. ముప్పై ఎనిమిదేళ్లపాటు ఒక దేశం మొత్తం బావమరిది మాట విన్నది.

జపాను వాళ్లు ఇంకా మర్యాదస్థులు. మాజ్దా మియాటా అనే చిన్న స్పోర్ట్స్ కారులో మొదట్లో ఆయిల్ ప్రెషర్ చూపించే ముల్లు నిజంగానే ప్రెషర్ చూపించేది. ఇంజను వేడెక్కితే కాస్త దిగేది, వేగం పెంచితే ఎక్కేది. 1995 మోడల్ నుంచి ముల్లు ఉంది, గీతలున్నాయి, వెనకాల మాత్రం ఒట్టి స్విచ్చు. కాస్తో కూస్తో ప్రెషర్ ఉంటే చాలు, ముల్లు మధ్యలో నిలబడి అంతా క్షేమం అంటుంది. మా ఊరి కరణంగారి లెక్కల పుస్తకం గుర్తొస్తుంది.

మనవాళ్లు వీళ్లందరికీ తాతలు. బజర్ పీకడానికి ప్లయరు కావాలి, చెయ్యి మురికవుతుంది. అందుకని మనం కారు నోట్లో గుడ్డ కుక్కే పద్ధతి కనిపెట్టాం. బెల్టు అక్కర్లేదు, బెల్టు నాలుక ఒక్కటే అంగట్లో దొరుకుతుంది. దాన్ని బకుల్లో గుచ్చితే కారు “ఆహా, అయ్యగారు బెల్టు పెట్టుకున్నారు” అని మురిసిపోతుంది. మెరిసే క్రోమ్ పూత, దాని మీద కారు కంపెనీ గుర్తు. 2023 మేలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఐదు ఈ-కామర్స్ కంపెనీలకు వీటిని తీసెయ్యమని ఉత్తర్వులిచ్చింది. తీసేసినవి 13,118 లిస్టింగులు. కొందరు అమ్మకందార్లు వాటిని సీసా మూత తీసేవనీ, సిగరెట్ లైటర్లనీ చెప్పి అమ్మారట. ఆ రెండూ, బెల్టు లేకుండా బండి నడిపేవాడి ఆయుష్షూ ఒకే సరుకు కింద లెక్క తేలడం నాకు నచ్చింది. 2021లో సీటు బెల్టు పెట్టుకోక దేశంలో పోయినవాళ్లు 16,397 మంది. వీళ్లలో ఎందరి బకుల్లో ఆ నాలుక ఉందో ఎవరూ లెక్కపెట్టలేదు.

పోయినసారి హైదరాబాద్ వచ్చినప్పుడు మా పెద్దన్నయ్య ఎయిర్‌పోర్టు నుంచి ఔటర్ రింగ్ రోడ్డు మీద తీసుకెళ్లాడు. 2019 జూలై 1 తర్వాత మన దేశంలో తయారైన కార్లు గంటకి 80 కిలోమీటర్లు దాటితే మధ్యమధ్య కుయ్యిమంటాయి, 120 దాటితే ఆపకుండా కూస్తాయి. మా అన్నయ్య 110లో ఉన్నాడు. బండి మౌనవ్రతం.

“ఏమన్నయ్యా, నీ బండి మాట్లాడదేం?”

“తెచ్చిన మర్నాడే తీయించేశాన్రా. పక్కన వియ్యంకుడు కూర్చుంటే కారు మనల్ని మందలిస్తే ఏం మర్యాద?”

నిజమే. కారు మర్యాద నేర్చుకోవాలి.

సరే, నా మూగ కారు దగ్గరికి వద్దాం. నిశ్శబ్దం వచ్చిన నాలుగో రోజు ఆదివారం. తాళం తిప్పితే టిక్కుమంది, అంతే. బ్యాటరీ దిగిపోయింది. పక్కింటాయన కారు తెచ్చి జంపర్ కేబుళ్లు తగిలించి లేపాడు. మళ్లీ ఆదివారానికి మళ్లీ టిక్కు. వైద్యులు మళ్లీ సమావేశమయ్యారు. “బ్యాటరీ ముసలిదైంది” అన్నాడు బావమరిది. నూట అరవై డాలర్లు పెట్టి కొత్తది కొన్నాను. పాతది ఇస్తే డిపాజిట్ తిరిగిస్తామంటే ఇచ్చేశాను. కొత్తది కూడా నాలుగు రోజులకి పడుకుంది. “అయితే ఆల్టర్నేటర్” అన్నాడు. ఆ మాట అతను అంటుండగానే నా కళ్ల ముందు నాలుగంకెల బిల్లు నిలబడింది.

ఒకరోజు రాత్రి పదకొండింటికి చెత్తబుట్ట బయటపెట్టడానికి గరాజులోకి వెళ్లాను. లైటు వెయ్యలేదు. కారు కవరు అంచు కింద సన్నగా, పసుపుగా వెలుగు. మొదట మిణుగురనుకున్నాను. కవరెత్తి చూస్తే డాష్‌బోర్డు కింద, కాళ్లు పెట్టుకునే చోట, చిన్న దీపం నిక్షేపంగా వెలుగుతోంది. తలుపు తీసినప్పుడు మాత్రమే వెలగాల్సిన దీపం. పగలు ఎండలో కనపడదు, మిగతా వేళల్లో కవరు కప్పి ఉంటుంది. ఆ దీపానికీ ఆ బజరుకీ స్విచ్చు ఒక్కటే.

అక్కడే చెత్తబుట్ట మీద లెక్క కట్టాను. బల్బు 5 వాట్లు, కారు 12 వోల్టులు. అంటే దాదాపు 0.4 ఆంపియర్లు. ఇరవైనాలుగు గంటలకి 10 ఆంపియర్-అవర్లు. నా బ్యాటరీలో పట్టేది నలభై చిల్లర. నాలుగు రోజులు! బ్యాటరీ గురించి వైద్యులు చెప్పిన ప్రతి రోగానికీ ఆ పాపిష్టి దీపమే మూలం. తలుపు మూశాక కూడా తెరిచే ఉందని ఇల్లంతా వినపడేలా చెప్పిన సాక్షి ఒక్కటే ఒక్కటి, దాన్ని మేం పీకి మేకుల డబ్బాలో పడేశాం.

మర్నాడు పొద్దున్నే కూర్చున్నాను. తలుపు తీసి, ఒక్క మర విప్పి స్విచ్చు బయటికి లాగాను. స్విచ్చు శుభ్రంగా ఉంది, మళ్లీ బిగించి వేలితో నొక్కితే దీపం ఆరుతోంది. అంటే తప్పు స్విచ్చుదీ కాదు. తలుపు అంచున బొడిపెకి ఎదురుగా ఒక రబ్బరు బిళ్ల ఉంటుంది. అది యాభై ఏళ్లు అరిగి అరిగి అప్పడంలా పల్చనైపోయింది. తలుపు మూస్తే బొడిపె ముప్పాతిక దాకా వెళ్లి ఆగుతోంది, మిగతా పాతిక అందడం లేదు. మా ఆవిడ పాత హవాయి చెప్పు మడమ నుంచి రూపాయి బిళ్లంత ముక్క కోసి గమ్ముతో అంటించాను. తలుపు వేశాను. దీపం ఆరింది.

బజర్‌ని మేకుల డబ్బాలోంచి తీసి, దుమ్ము ఊది, తెంపిన రెండు వైర్లూ సోల్డర్ చేశాను. తాళంచెవి దూర్చి తలుపు తీశాను. గర్ర్‌ర్‌ర్. మూశాను. ఆగింది. పదిసార్లు తీశాను, పదిసార్లు మూశాను. మా ఆవిడ వంటింటి కిటికీలోంచి చూసి ఏమీ అనకుండా కిటికీ వేసుకుంది.

ఆ తర్వాతి ఆదివారం బావమరిదిని ఎక్కించుకుని తిప్పాను. తాళం తిప్పగానే ఇంజను అందుకుంది. సందు చివరిదాకా వచ్చాక సీటుకి ఆనుకుని, తృప్తిగా అన్నాడు:

“చూశావా బావా, బ్యాటరీ మార్చాక ఎంత బాగుందో.”