సావని కుక్క

కడప ఏడురోడ్ల కాడ టీ అంగడి. ఒకరు కొత్త వకీలు. చేతిలో ‘పెంపుడు జంతువుల భవిష్యత్ ప్రణాళిక’ అని రంగుల్లో అచ్చేసిన కరపత్రాలు. ఇంకొకరు ఓబులేసు. దేనికైనా ‘ఎందుకు’ అనే రకం. ఈ రకం మనుషులు తగ్గిపోతుండారనే నా దిగులు.

వకీలు: మామా, రతన్ టాటా 2024 అక్టోబరులో పోయినాడా, టిటో అనే కుక్కను వంటమనిషికి అప్పజెప్తూ ముందే వీలునామా రాసిపెట్టినాడు. పెంపుడు జంతువులకని 12 లక్షలంట, మూణ్నెల్లకోసారి 30 వేలంట! పేపర్లో వచ్చింది.

ఓబులేసు: మారాజు, రాసినాడు. ఆ కాగితం మా సందులో ఎందుకు పంచుతాండావు?

వకీలు: రేపు నువ్వు పోతే నీ కుక్క గతేంది?

ఓబులేసు: నాది గాదల్లుడా, సందుది. నేను పోయినా సందుంటాది.

వకీలు: చట్టానికి సందులు తెలీవు. దాని లెక్కలో కుక్కంటే ఓ వస్తువు. దాని పేరున పైసా రాసినా చెల్లదు. మనిషి పేరున రాసి, సాకమని షరతు పెట్టాల.

ఓబులేసు: దుడ్లన్నీ ఒకేసారి చేతికిస్తే?

వకీలు: వారానికే కుక్క పోవచ్చు. అందుకే అది బతికినన్నాళ్ళూ మూణ్నెల్లకింతని రాయాల.

ఓబులేసు: అప్పుడది సావనే సావదు.

వకీలు: పింఛనుదార్ల మాదిరి ఏటా నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ అడుగుతాం.

ఓబులేసు: తెస్తాడు. నిరుడు తెల్లది, ఈ యేడు ఎర్రది. ‘ఎండకు కమిలింది సార్, కడప గదా’ అంటాడు.

వకీలు: ఫొటో అంటిస్తాం.

ఓబులేసు: అంటించు. వచ్చే యేడు ఆ మగకుక్క నాలుగు పిల్లల్ని ఈనుతాది.

వకీలు: అమెరికాలో లియోనా హెల్మ్‌స్లీ అనే ఆమె 2007లో పోతాపోతా తన కుక్కకు కోటీ 20 లక్షల డాలర్లు రాసింది, తెలుసా?

ఓబులేసు: కుక్క తినిందా?

వకీలు: జడ్జి 20 లక్షలకు కోసేసినాడు.

ఓబులేసు: ఆడ గూడా అంతేనా! వీలునామాకు తెల్లకాగితం, ఇద్దరు సాక్షులు చాలంట గదా, రిజిస్ట్రేషను గూడా తప్పనిసరి గాదంట. నీ ఫీజెంత?

వకీలు: పదివేలు.

ఓబులేసు: సంగటి ముద్దలో పిడికెడు తీసి గడప బయట పెట్టేదానికి పదివేలా! మా అవ్వ కరువులో గూడా పెట్టింది, ఎవురి సంతకమూ అడగలేదు. ధర్మమనేది...

వకీలు: మామా, హరికథ మొదలుపెట్టినావు.

ఓబులేసు: సరే, కుక్క వస్తువంటివే, మరి దేవుడో?

వకీలు: దేవుడు చట్టానికి మనిషి కిందే లెక్క. ఆస్తి ఉండొచ్చు, దావా వేయొచ్చు.

ఓబులేసు: దావా వేసే దేవుని మాన్యాలనే మింగినోళ్ళుండారు. మొరిగేది తప్ప ఏమీ రానిదాని కూడు వదుల్తారా?

వకీలు: కాలభైరవుని పేరున రాయిస్తే? ఆయన వాహనం కుక్కే గదా! (కరపత్రం వెనక రాసుకుంటాడు.)

ఓబులేసు: రాయించు. ప్రసాదం పూజారి తింటాడు, వాహనం చూస్తా ఉంటాది.

వకీలు: అదట్లుంచు మామా. నా క్లయింటు ఒకాయన తన కుక్కను సాకే మనిషి కోసం వెతుకుతాండాడు. మూణ్నెల్లకు పదివేలు ఇస్తాడంట.

ఓబులేసు: (గ్లాసు కింద పెట్టి) ఏం రంగుదల్లుడా అది?