సమీక్షకుల వారి దీవెన

పరిషత్తులో నాటిక ముగియడం ఆలస్యం, మన సమీక్షకుల వారు కలం మూత తీస్తారు. రాయాల్సింది మాత్రం తెర లేవకముందే సిద్ధం. "కుమారి ఫలానా పాత్రలో జీవించింది. ఈ అమ్మాయికి మంచి భవిష్యత్తు ఉంది." ఫలానా దగ్గర పేరు పూరించుకుంటే గుంటూరుకీ పనికొస్తుంది, కరీంనగర్‌కీ పనికొస్తుంది. ఇంతోటిదానికి నాటిక చూడడం కూడానా? మొదటి అరగంట నిర్వాహకుల పలకరింపులతో సరి. చివరి పావుగంట తన పేరు మైకులో ఎప్పుడు పిలుస్తారా, శాలువా ఎప్పుడు పడుతుందా అన్న ధ్యాసతో సరి.

అయ్యా, ఆ మధ్యలో ఒక సంగతి జరిగింది. ఎదుటి నటుడు మాట మరిచి బిక్కమొహం వేశాడు. ఆ పిల్ల అతని మాటనే తన ప్రశ్నగా మార్చి, నాలుగడుగులు ముందుకొచ్చి, వేలాడే మైకు కిందకి అతన్ని లాక్కొచ్చి సన్నివేశాన్ని నిలబెట్టింది. హాల్లో ఎవరికీ అనుమానం రాలేదు. నిన్న రాత్రి ఇదే వేదిక మీద వేరే సమాజం నాటికలో ముసలి తల్లి వేసిందీ ఆమే. నటీమణులు తక్కువ కాబట్టి ఒక్కరే మూడు సమాజాలకు వంతులేసుకుని ఆడాలి. నిన్నటి దగ్గు, నిన్నటి వంగిన నడుము ఇవాళ్టి కోడలి ఒంట్లో ఎక్కడా కనబడలేదు. మీకూ కనబడలేదు లెండి, కాకపోతే కారణం వేరు. మీకు కనబడింది చీరకట్టు. ఆపైన "సావిత్రిని తలపించే కళ్ళు." సావిత్రి గారివి ఒక్క జత కళ్ళే అనుకున్నాను. మీ లెక్కన జిల్లాకో జత!

స్థానం నరసింహారావు సత్యభామ వేసిన రోజుల్లో ఆయన నడక గురించి, కుచ్చిళ్ళ గురించి, ఒకే పల్లవిని ఎన్ని భావాలతో తిప్పేవాడో దాని గురించి పేజీలకు పేజీలు రాశారు. 1956లో పద్మశ్రీ కూడా ఇచ్చారు. ఇవ్వాల్సిందే. కానీ మగవాడు ఆడవేషం కడితే విద్య, ఆడది కడితే "సహజ నటన"! సహజమైనదానికి సాధన దేనికి, సాధన లేనిదానికి పారితోషికం దేనికి? మీ వాక్యం ఏ సమాజం కోశాధికారి కంట పడినా కళ్ళకద్దుకుంటాడు. స్త్రీ పాత్రలు స్త్రీలే వెయ్యాలని బళ్ళారి రాఘవ అంత గట్టిగా పట్టుబట్టింది ఈ మాట అనిపించుకోవడానికేనా?

ఇక చివరి వాక్యం: "వెండితెర ఈమె కోసం ఎదురుచూస్తోంది." జమునను గరికపాటి రాజారావు నాటకంలో చూసి, 1953లో 'పుట్టిల్లు'తో సినిమాకు తీసుకెళ్ళాడు, నిజమే. అప్పటినుంచీ మీ దృష్టిలో రంగస్థలం మద్రాసు మెయిలు కోసం పడిగాపులు కాసే ప్లాట్‌ఫారం అయిపోయింది. అక్కడే నిలబడి నలభై ఏళ్ళు ఆడిన నటి మీ లెక్కలో బండి తప్పిన మనిషి. సురభి కుటుంబాల ఆడవాళ్ళు తరతరాలుగా ఆడుతూనే ఉన్నారు. వాళ్ళ భవిష్యత్తు ఎప్పుడొస్తుందో ఓసారి పంచాంగం చూసి చెప్పండి.

మొన్న ఒక సమీక్షకుణ్ణి అడిగాను: "రెండో రంగంలో ఆ అమ్మాయి ఏడుపు వార్త వినకముందే మొదలైంది కదా, అది రాయకూడదా?"

ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "ఎందుకు బాబూ, వచ్చే ఏడు న్యాయనిర్ణేతగా పిలవద్దా?"