మగ్గానికో లెక్క, గాడీకో లెక్క

షోలాపూర్ తూర్పు భాగంలో, సాఖర్ పేట, దాజీపేట, అశోక్ చౌక్ చుట్టుపక్కల, పాత మరమగ్గం కొనే మనిషి చూపు వేరుగా ఉంటుంది. రంగు జోలికి పోడు. వెంట మగ్గాలు బాగుచేసే జాబర్‌ను తీసుకెళ్తాడు. మగ్గం ఆడించి, మాటలు ఆపి, చప్పుడు వింటాడు. ఆపాక పళ్ళచక్రం తడిమి అరుగుదల చూస్తాడు. రోజుకెంత నేస్తుంది, కరెంటెంత తాగుతుంది, విరిగిన సామాను ఎక్కడ దొరుకుతుంది అని అడిగి, అప్పుడు ధర మాట్లాడతాడు. అదే మనిషి సెకండ్ హ్యాండ్ ఎస్‌యూవీ కొనేటప్పుడు మాత్రం ముందు ఎక్కి కూర్చుంటాడు. ఎత్తు బాగుంది, ఏసీ చల్లగా ఉంది, పాటల తెర పెద్దది. బ్రోకర్ ‘డాక్టరుగారు వాడిన గాడీ, సింగిల్ ఓనర్’ అనగానే బేరం సగం కుదిరినట్టే. మన దేశంలో డాక్టర్లు వాడారని చెప్పి అమ్మిన బండ్లన్నీ నిజంగా డాక్టర్లే నడిపి ఉంటే, రోగుల నాడి చూడ్డానికి వాళ్ళకు పొద్దు చాలేది కాదు. డబ్బు తెచ్చే యంత్రానికి ఇంత పరీక్ష, డబ్బు తినే యంత్రానికి ఇంత నమ్మకం ఎందుకన్నదే నా ప్రశ్న.

పాత ఎస్‌యూవీకి ధర ఒక్కటే పాతబడుతుంది, ఖర్చు పాతబడదు. కొత్తది 18 లక్షలు పలికే తరగతి బండి పదేళ్ళకు 6 లక్షలకు వచ్చిందనుకుందాం. మూడో వంతుకే వచ్చిందని మురిసిపోతాం. కానీ దాని టైరు మూడో వంతుకు రాదు, క్లచ్ రాదు, టర్బో అసలే రాదు. బీమా కూడా వయసు చూసి జాలిపడదు. 2022 జూన్‌లో అమల్లోకి వచ్చిన థర్డ్ పార్టీ రేట్లలో 1500 సీసీ దాటిన కారుకు ఏడాదికి 7,897 రూపాయలు, పన్ను అదనం. 1000 నుంచి 1500 సీసీ వరకైతే 3,416. నాలుగేళ్ళ బండికైనా, పదేళ్ళు గుంతల్లో నలిగిన బండికైనా రేటు ఒకటే. పోనీ, ఇన్నేళ్ళూ క్లెయిం లేకుండా నడిపినందుకు వచ్చిన నో క్లెయిం బోనస్ మనకు దక్కుతుందా అంటే, అది మనిషిది, బండిది కాదు. పాత యజమాని జబ్బులన్నీ మనకప్పగించి, దాన్ని మాత్రం జేబులో వేసుకుని పోతాడు.

మీటరు 48 వేల కిలోమీటర్లే చూపిస్తోందని ఎవరైనా అంటే, వంగి బ్రేకు పెడలు చూడండి. దాని రబ్బరు మీది గీతలు అరిగి నున్నబడితే పాదం చెప్పేది ఒకటి, మీటరు చెప్పేది ఇంకొకటి. టైరు పక్క గోడ మీద ‘డాట్’ గుర్తున్న వరస చివర, చిన్న గడిలో నాలుగంకెలుంటాయి. 2316 అంటే 2016లో ఇరవై మూడో వారం పుట్టిందని. తిరగని బండైనా రబ్బరు ఎండుతుంది. ఎండాకాలం 43 డిగ్రీలు దాటే ఊళ్ళో ఇంకాస్త తొందరగా ఎండుతుంది. గొట్టాలు, బుష్‌లు, బెల్టులు మీటరు చూసి ముసలివి కావు.

కొన్ని బండ్లు చవకవడానికి వాటి జబ్బుతో పనిలేని కారణాలూ ఉన్నాయి. పదేళ్ళు దాటిన డీజిల్ బండ్లను ఢిల్లీ రోడ్ల మీదికి రానివ్వొద్దని 2015లో హరిత ట్రిబ్యునల్ అంది, 2018లో సుప్రీంకోర్టు సమర్థించింది. అక్కడ విలువ పడిపోయిన బండ్లు దక్షిణానికి దారి పట్టాయి. షెవర్లే 2017 చివరికి మన దేశంలో అమ్మకాలు ఆపేసింది, ఫోర్డ్ తయారీ ఆపుతున్నట్టు 2021లో చెప్పింది. ఆ గాడీలు మంచివే కావచ్చు. కానీ పక్క అద్దం ఒకటి పగిలితే ఏ ఊళ్ళో దొరుకుతుందో ముందే కనుక్కోవాలి. స్కార్పియో, బొలేరోలకు గిరాకీ తగ్గకపోవడానికి వాటి అందం కారణం కాదు, ఏ రోడ్డు పక్క మెకానిక్కైనా వాటి కడుపు తెలుసు. అయితే ఆ నమ్మకాన్ని అమ్మేవాడూ ధరలో కలిపే అడుగుతాడు. ‘రీసేల్ బాగుంటుంది’ అనే వాదానికి జవాబు అదే.

ఇప్పుడు కార్ఖానా లెక్క వేద్దాం. 6 లక్షలకు కొని ఐదేళ్ళకు రెండున్నర లక్షలకు అమ్మితే ఏడాదికి 70 వేలు కరిగినట్టు. మొత్తం బీమా 20 వేలు, సర్వీసు, టైర్లు, బ్యాటరీ, ఎప్పుడో ఒకప్పుడు తప్పని క్లచ్ కలిపి సగటున 45 వేలు. అంతా 1,35,000. లీటరుకు 12 కిలోమీటర్లు, డీజిల్ 90 రూపాయలంటే కిలోమీటరుకు ఏడున్నర. ఏడాదికి 6 వేల కిలోమీటర్లు తిరిగితే కిలోమీటరు 30 రూపాయలు పడుతుంది. డ్రైవరుతో సహా ఏడు సీట్ల అద్దె బండి 20కి వస్తుందనుకుంటే, మన బండి గెలవాలంటే దాదాపు 11 వేల కిలోమీటర్లు తిరగాలి. అంటే హైదరాబాదుకు పద్దెనిమిది సార్లు పోయి రావాలి. ఏడాదికి అన్ని పెళ్ళిళ్ళు మన బంధుబలగంలో కూడా లేవు. తుల్జాపూర్ 45 కిలోమీటర్లు, అక్కల్‌కోట 40. ఎంత భక్తి ఉన్నా ఆ లోటు దేవుళ్ళతో పూడదు.

కొత్త బండికి మొదటి మూడు నాలుగేళ్ళలోనే విలువ ఎక్కువ పడిపోతుంది కదా, ఆ దెబ్బ మొదటివాడు తిన్నాక కొనడం తెలివి కాదా అంటారు. తెలివే, నాలుగైదేళ్ళ బండి సర్వీసు చిట్టాతో దొరికితే నేను అడ్డం రాను. ఇల్లంతా పట్టాలి కదా అనే మాటకు మాత్రం తలూపలేను. మూడో వరస పైకి లేపితే సామాన్లకు చోటుండదు, సామాన్లు పెడితే మేనత్తకు చోటుండదు. హైదరాబాదులో ఉన్న మేనమామ దగ్గర బండి కొనడం అంతకన్నా ప్రమాదం. బేరం ఆడలేం, లోపం ఎత్తలేం. పైగా ఎన్‌ఓసీ తేవాలి, పన్నెండు నెలలు దాటితే ఎంహెచ్ 13 నంబరు వేయించాలి, మహారాష్ట్రకు పన్ను కట్టాలి. ఇక నాలుగైదు రోజులకోసారి నల్లా వచ్చే గల్లీలో అంత పొడుగు బండిని ఏ నీళ్ళతో కడుగుతారన్నది ఇంట్లో ఆడవాళ్ళు అడగాల్సిన ప్రశ్న, అడుగుతారు కూడా.

మిగిలింది పరువు. సంబంధం చూడ్డానికి అద్దె బండిలో దిగితే పసుపు ప్లేటు కనబడుతుంది, అది నిజమే. అలాంటప్పుడు తెల్ల ప్లేటు ఖరీదు కిలోమీటరుకు 10, ఏడాదికి 60 వేలు అని తేలుతుంది. ఆ మొత్తాన్ని బండి ఖాతాలో కాక పెళ్ళి ఖాతాలో రాసుకుంటే నాకు అభ్యంతరం లేదు. పెళ్ళయ్యాక అల్లుడు ఆ గాడీ మీద మనసు పడితే సంతోషంగా ఇచ్చేయొచ్చు. కాకపోతే క్లచ్ మార్పించే ఇవ్వాలి, లేదంటే ఆ బిల్లు కూడా మామగారి పేరు మీదే వస్తుంది.